దూదప్పకు గుండు

ఈ రోజు పొద్దున అరుగు మెట్లు ఊడుస్తుంటే మూడో మెట్టు మూలలో తెల్లటి పోగు ఒకటి కనపడింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆదోనిలో అదేమంత వింత కాదు. జిన్నింగు మిల్లుల నుంచి లేచిన పత్తి నుసి ఆరేసిన చీరల మీదా, పాలగిన్నె మూతల మీదా, పడుకున్న ఆవుల వీపుల మీదా వాలుతూనే ఉంటుంది. మిగతావాళ్ళు దాన్ని చీపురుతో తోసేస్తారు. నేను మాత్రం వంగి, అంటే డెబ్బై నాలుగేళ్ళ మోకాళ్ళు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు వంగి, ఆ పోగు తీసుకుని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలుపుతాను. పత్తయితే వేలికి అంటుకుని ఉండ కడుతుంది. కుక్క బొచ్చయితే జారిపోతుంది. ఏడేళ్ళుగా ఇదే అలవాటు. ఈ రోజు పోగు జారిపోయింది. మా వీధిలో తెల్ల కుక్క లేదు. ఆ సంగతి రెండు ఇళ్ళలో విచారించి మరీ రాస్తున్నాను.

మా చెల్లెలి కూతురు మా ఇంటి ముందు గదిలో కుక్కలకు స్నానం చేయించి, దువ్వి, గోళ్ళు తీసే పని మొదలుపెట్టింది ఏడేళ్ళ కిందటే. మాది ఎమ్మిగనూరు మగ్గం ఇల్లు. నేను చదువుకుని లెక్కల టీచరునై ఆదోనిలో ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పి రిటైరయ్యాను. చెల్లెలు మగ్గం మీదే ఉండిపోయింది. దాని కూతురికి మాత్రం మగ్గం గుంటలో కూర్చోవడం ఇష్టం లేదు. బెంగుళూరులో ఒక బ్యూటీ పార్లరులో సహాయానికి చేరి, అక్కడ నుంచి పక్క వీధిలో కుక్కల పార్లరుకు మారి, మూడు నెలల కోర్సు చేసి, ఒక మడత టేబులు, గాలి కొట్టే యంత్రం, నాలుగు రకాల బ్రష్షులు, బొచ్చు తీసే మిషను పెట్టుకుని మా ఇంట్లో దిగింది. ఎమ్మిగనూరులో కంటే ఆదోనిలో పెంపుడు కుక్కలు ఎక్కువని దాని అంచనా. వ్యాపారుల ఇళ్ళున్న వీధులు నాలుగు తిరిగి నేనే ఇంటింటా అడిగి లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. అంచనా సరైనదే.

చెల్లెలు ఫోను చేసి ఏడ్చింది. “ఏందక్కా ఇది? మన ఇంట్లో పుట్టి కుక్కలకు తల దువ్వుతాదా? రేపు దానికి సంబంధం యాడ నుంచి తెచ్చేది?” అంది. నేను ఓపిగ్గానే చెప్పాను. పాడైన పడుగు ముందు కూర్చున్నప్పుడు మా అమ్మ చేతులు ఎలా కదిలేవో ఈ పిల్ల చేతులూ అలాగే కదులుతాయి. ముడి పడిన బొచ్చును లాగదు, కొయ్యదు. కొసల నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క పోగూ విడదీసుకుంటూ మొదటికి పోతుంది. నూలు చిక్కు పడినప్పుడు మా అమ్మ మాకిద్దరికీ ఒకే మాట చెప్పేది. “చిక్కు మీద కోపమొస్తే లేసి నీళ్ళు తాగి రా. కత్తెర జోలికి పోగాకు.” ఆ మాట మా చెల్లెలు కూతురికి అప్పగించినట్టుంది. నేను లెక్కల్లో పడి మరిచిపోయాను.

బోర్డు నేనే రాయించాను. ఇంగ్లీషు మాట పెడితే ఎవరికీ అర్థం కాదని ‘కుక్కలకు స్నానం, దువ్వడం, గోళ్ళు తీయడం’ అని ఉన్నది ఉన్నట్టు రాయించాను. వారం తిరగకుండా వీధి మొత్తం దాన్ని ‘కుక్కల క్షవరం షాపు’ అనేసింది. కోసిగి బస్సు దిగి నేరుగా వచ్చిన ఒకాయన, “అమ్మా, జాతరకు పొట్టేలుండాది. దానికి గూడా సేస్తారా?” అని అడిగాడు. “పొట్టేలుకు వద్దన్నా, మీ కుక్కను తీసుకురా” అంది మా పిల్ల. “మా కుక్కకేమి, అది వంకలో పడి లేస్తాది, సుబ్బరంగానే ఉండాది” అని ఆయన వెళ్ళిపోయాడు. ఇరవై మూడు రోజులు ఒక్క కుక్కా రాలేదు. మా పిల్ల వీధిలోని గోధుమరంగు కుక్కను బిస్కెట్లతో మంచి చేసుకుని దాని మీదే చేతులు ఆడించుకునేది. నేను ఒక నోటుబుక్కులో గళ్ళు గీసి పెట్టాను: కుక్క పేరు, బరువు, బొచ్చు పొడవు పనికి ముందు, పనికి తర్వాత. గళ్ళు ఖాళీగా ఉండటం నాకు కంట్లో నలకలా ఉండేది.

మా ఇంటికి మూడో ఇల్లు పత్తి షావుకారుది. ఆయనకు పిల్లలు లేరు. దూదప్ప ఉండేవాడు. దూదప్ప అంటే తెల్ల పొమెరేనియన్ కుక్క. మా వైపు ఏ పేరుకైనా చివర ‘అప్ప’ చేరితేనే మనిషి కింద లెక్క. ఆ లెక్కన వాడు ఆ ఇంటి మనిషే. రోజూ సాయంత్రం ఐదింటికి మార్కెట్ యార్డు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, షావుకారు అరుగు మీద కూర్చుని కొమ్ము దువ్వెనతో వాడి వీపు దువ్వేవాడు. ఆ దువ్వెన వేరొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. దువ్వడమయ్యాక దువ్వెన పళ్ళలో చిక్కిన బొచ్చు తీసి, యార్డులో పత్తి పింజ పొడవు చూసినట్టే రెండు చేతుల వేళ్ళ మధ్య లాగి, “ఇరవై తొమ్మిది మిల్లీమీటర్లు! ఫస్టు రకం!” అని ఎవరు పోతుంటే వాళ్ళకు చూపించేవాడు. ఒకరోజు నేను తట్టుకోలేక ఇంట్లోకి పోయి స్కేలు తెచ్చి కొలిచాను. యాభై రెండు. ఆయన నవ్వి, “మాది చేతి లెక్కమ్మా, మీది స్కేలు లెక్క. మా దాంట్లో ప్రేమ కొంచెం తరుగు పోతాది” అన్నాడు. ఆయన భార్య లోపల నుంచి, “టీచరమ్మ కొలిచినాక ఇంక దేవుడొచ్చి కొలిచినా మారదు” అంది. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

జనవరిలో ఒక గురువారం పొద్దున ఆయన యార్డులో పత్తి కుప్ప ముందు నిలబడి పింజ లాగి చూస్తూ అలాగే కూలిపోయాడు. ఇంటికి తెచ్చినప్పుడు వేళ్ళ మధ్య పోగు ఉంది. తీయబోతే ఆయన భార్య వద్దంది. కర్మ చేయడానికి మరిది కొడుకు వచ్చాడు. నిప్పు పెట్టాడు, అన్నీ పద్ధతిగా చేశాడు. కానీ తండ్రి బతికుండగా గుండు చేయించుకోకూడదన్నది వాళ్ళ ఇంటి ఆచారం. ఆ పిల్లవాడు తప్పు చేశాడని ఎవరూ అనలేరు. అనలేకపోవడమే ఆమెను తొలిచేసింది.

పదో రోజు పొద్దున ఆమె మనిషిని పంపి మమ్మల్నిద్దరినీ పిలిపించింది. పెరట్లో తులసికోట పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. దూదప్ప ఒళ్ళో ఉన్నాడు. “టీచరమ్మా, ముప్పై ఎనిమిదేండ్లు ఈ ఊర్లో వ్యాపారం సేసినాడు. ఆయన పోతే ఒక్క తలన్నా బోడి కాలేదు. కొడుకంటే వీడే. వీనికి గుండు సేయించండి” అంది. కర్మకు వచ్చిన క్షురకుణ్ణి అప్పటికే అడిగిందట. ఆయన, “మనుషులకైతే సేస్తానమ్మా. ఈయప్ప కరిస్తే నాకెవరు సమాధానం సెప్తారు?” అని తప్పుకున్నాడు.

మా పిల్ల దూదప్ప దగ్గర కూర్చుని వీపు మీది బొచ్చును వేళ్ళతో రెండుగా విడదీసి చూసింది. “అవ్వా, కత్తెరతో కురచగా తీస్తా. అంగుళం పెట్టి. మిషను మాత్రం వద్దు. ఈ జాతికి రెండు పొరలుంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. మొదలంటా తీస్తే మల్లా వస్తాదో రాదో సెప్పలేము. మాకు కోర్సులో మొదటి రోజే సెప్పినారు” అంది.

ఆమె మా పిల్లను చూడలేదు, నన్ను చూసింది. “ఏమంటాది టీచరమ్మా పాప?”

ఇక్కడ నేను జాగ్రత్తగా రాయాలి. బయట పురోహితుడు తొందరపెడుతున్నాడు. ఇరవై మూడు రోజుల తర్వాత వచ్చిన మొదటి కుక్క ఇది. అవి రెండూ నిజమే. కానీ అసలు కారణం అవి కావు. నాకు ఏ పనైనా సగం చేయడం నచ్చదు. అంగుళం మిగిలితే అది క్షవరం అవుతుంది గాని గుండు కాదు. మా పిల్లతో ఆ మాటే అన్నాను: “గుండంటే గుండే.” తర్వాత ఆమె వైపు తిరిగి, “కొంచెం ఆలస్యంగా వస్తుందంటోంది. ఆరు నెలలు” అన్నాను.

ఆరు ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలియదు. జీవితంలో చేయకుండా చెప్పిన లెక్క అదొక్కటే.

మా పిల్ల నా ముఖంలోకి చూసింది. “పెద్దమ్మా, నీళ్ళు తాగి వస్తా” అని లేచి, పెరటి కొళాయి దగ్గరకు పోయి, దోసిలి పట్టి తాగి, వచ్చి మిషను తీసింది. దాహమేసిందేమో అనుకున్నాను. మా అమ్మ మాట నాకు ఆ సాయంత్రానికి గాని గుర్తు రాలేదు. నేనూ లేచి ఒక దోసెడు తాగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నలభై నిమిషాలు పట్టింది. వాడు కరవలేదు, అరవలేదు. తల వీధి వాకిలి వైపు తిప్పి నిలబడ్డాడు. బొచ్చంతా పోయాక మిగిలింది ఇంతే. చేటలో పట్టేంత, లేత ఎరుపు చర్మం కింద పక్కటెముకలు కనపడే చిన్న ప్రాణి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “లోపల ఇంత సన్నంగా ఉన్నావా నాయనా” అంది. ఆ బొచ్చును కర్మతో పాటు కాలువ నీళ్ళలో కలపాలని మూటగడుతుండగా గాలి లేచింది. మూట విడిపోయి బొచ్చంతా పెరట్లో లేచి, గోడ దాటి, మిల్లుల నుంచి వస్తున్న పత్తి నుసిలో కలిసిపోయింది. ఏది పత్తో ఏది దూదప్పో తెలియలేదు. దొరికినంత ఏరాం. గుండు చేసినవారికి ఇవ్వాల్సిన బియ్యమూ పప్పూ కొబ్బరికాయా చేటలో పెట్టి ఆమె మా పిల్లకు ఇచ్చింది. పిల్ల రెండు చేతులతో తీసుకుంది. అదీ దాని బోణీ. నేను ఇంటికొచ్చి మొదటి గడి నింపాను: ముందు 52, తర్వాత 0.

వచ్చేటప్పుడు ఆమె గడప లోపల నిలబడి, “వీనికి బొచ్చు నిండుగా వచ్చిన పొద్దు నేను గడప దాటుతా టీచరమ్మా. కొడుక్కు తల పెరిగేదాక తల్లి ఓపిక పట్టొద్దా? ఆరు నెలలే కదా” అంది.

నెల మొదటి తారీకున స్కేలు పట్టుకుని పోయేదాన్ని. ఫిబ్రవరిలో మెడ చుట్టూ రెండు మిల్లీమీటర్లు, వీపు మీద సున్నా. మార్చిలో మెడ మీద ఆరు, కాళ్ళ మీద నాలుగు, వీపు సున్నా. ఏప్రిల్లో చర్మం నల్లబడింది. పశువుల డాక్టరు మాత్రలిచ్చాడు, మా పిల్ల కొబ్బరినూనెలో ఏవో కలిపి రాసింది. ఎమ్మిగనూరులో మా చెల్లెలు, కుక్కలకు తల దువ్వుతాదా అని ఏడ్చిన చెల్లెలే, ఎండకు వాడి వీపు కాలకుండా మగ్గం మీద మెత్తటి నూలుగుడ్డ నేసి, నాలుగు కాళ్ళకు చిల్లులు పెట్టి పంపింది. నేను కొలుస్తుంటే షావుకారు భార్య వంగి చూసి, “ఎంతొచ్చింది టీచరమ్మా?” అనేది. “వస్తోంది” అనేదాన్ని. మెడ మీదిది చెప్పేదాన్ని. వీపు మాట ఎత్తేదాన్ని కాదు.

మూడో నెలలో గూడూరు నుంచి షావుకారు భార్యకు అక్క వచ్చింది. భర్త పోయినదాన్ని పుట్టింటివాళ్ళు తీసుకుపోయి ఒక రాత్రి నిద్ర చేయించి పంపితే, ఆ తర్వాత ఎక్కడికైనా పోవచ్చు. అందుకని ముసలామె రెండు బస్సులు మారి వచ్చింది. ఈమె కదల్లేదు. “బొచ్చు వచ్చినాక నేనే వస్తాను పోక్కా” అంది. “నీకేమన్నా పిచ్చి పట్టిందా? కుక్క బొచ్చుకూ నువ్వు రావడానికీ ఏం సంబంధమే?” అని అరిచి అరిచి, ఆమె మజ్జిగ తాగి వెళ్ళిపోయింది.

చిత్రమేమిటంటే మా పిల్ల పని ఆ గుండుతోనే నిలబడింది. దూదప్ప సంగతి ఊరంతా చెప్పుకున్నారు. కుక్క కరవకుండా నలభై నిమిషాలు నిలబడిందంటే ఆ చేతిలో ఏదో ఉందన్నారు. వేసవికి వారానికి పన్నెండు కుక్కలు వచ్చేవి. బొచ్చు మొదలంటా తీయమన్నవాళ్ళందరికీ అది, “సెయ్యను. వేరే యాడన్నా సేయించుకోండి” అనేది. ఎందుకని అడిగితే మూడో ఇంటి వైపు చూసేది. ఒకసారి నేనే ఉండబట్టలేక, “ఆమెకు నువ్వైనా చెప్పరాదా?” అన్నాను. బ్రష్షులో బొచ్చు తీస్తూ, తల ఎత్తకుండా, “ఆ ముడి నువ్వేసినావు పెద్దమ్మా. నువ్వే విప్పాల” అంది. అంతకు మించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను నా పక్షాన వాదించుకునేదాన్ని.

జూలై వచ్చింది. ఆరు నెలలు నిండే నెల. వీపు సున్నా. ఆ నెల ఒకటో తారీకున నేను వెళ్ళేసరికి సాయంత్రం ఐదు. ఆమె గడప లోపల పీట మీద కూర్చుని ఉంది. దూదప్ప అరుగు మీద, షావుకారు కూర్చునే చోటుకు ఎదురుగా, ఒక్కడే నిలబడి ఉన్నాడు. నూలుగుడ్డ విప్పి ఉంది. చూస్తుండగా వాడి నల్లటి వీపు కిందికి వంగింది. మెడ దగ్గర మొదలై నడుము దాకా చర్మం ఒక్కసారి ముడత పడి సర్దుకుంది. మళ్ళీ మెడ దగ్గర నుంచి నడుము దాకా. మళ్ళీ. దువ్వెన పోయేటప్పుడు వాడి వీపు అలాగే వంగేది. గాలి లేదు, ఈగ లేదు. నేను దగ్గరికి పోయి చూశాను. “ఐదైంది కదా. దువ్వుతాండాడు” అంది ఆమె, పాలు పొంగుతున్నాయి అన్నంత మామూలుగా. “ఆయనకు చేతికి అందాల గదా టీచరమ్మా. తొందరగా రానీ.” నేను స్కేలు సంచిలో నుంచి తీయకుండానే, “ఇంకో నెల” అన్నాను. రెండో అబద్ధానికి మొదటిదానికున్నంత ఆలోచన కూడా అవసరం లేకపోయింది.

ఆగస్టులో గూడూరు అక్క మంచం పట్టింది. కబురొచ్చినప్పుడు ఆమె నన్ను పిలిపించి, “ఎంతొచ్చింది? పోవచ్చా?” అని అడిగింది. ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఆటో మాట్లాడి, బస్సెక్కించి, సాయంత్రానికి ఆమెను అక్క పక్కన కూర్చోబెట్టగలిగేదాన్ని. బస్సు టైములు కూడా నాకు నోటికి వచ్చు. “బొచ్చుకేం, ముందు మీరు పోయి రండి” అన్నాను. “అట్ల కాదులే టీచరమ్మా. ఆయన పేరు మీద అనుకున్న మాట. ఎంతొచ్చింది సెప్పు” అంది. “వస్తోంది” అన్నాను. “అయితే వచ్చే నెల పోతా” అంది. తొమ్మిది రోజులకు అక్క పోయింది.

పన్నెండో రోజు దాటాక వెళ్ళి చెప్పాను. నిలబడే చెప్పాను. పిల్ల ఆ రోజే వద్దన్నదనీ, రాకపోవచ్చన్నదనీ, ఆరు నెలలన్నది నా నోటి మాటేననీ, వీపు మీద ఇంతవరకు సున్నాయేననీ. ఆమె చాలాసేపు దూదప్ప చెవులు నిమురుతూ కూర్చుంది.

“పాప మాట నాకూ ఇనపడింది టీచరమ్మా. పక్కనే ఉంటి గదా, చెవిటిదాన్నా?” అంది. “అయితే నువ్వు ఆరంటివి. వేరే ఎవరన్నా అంటే అడిగి సూస్తుంటి. నీ లెక్క తప్పుతాదని ఎవరనుకుంటారు?”

ఆమె వాడి వీపు మీద అరచెయ్యి పెట్టింది.

“ఇంక రాదా?”

“రాదు.”

ఆమె లేచి వాడికి నూలుగుడ్డ తొడిగి, చంకనెత్తుకుని, గడప దాటి, అరుగు మీద ఆయన చోట్లో కూర్చుంది. తిట్టలేదు. మా ఇంటికి రాకపోకలు మానలేదు. అటు తర్వాత మూడేళ్ళు, దూదప్ప పోయేదాకా, సాయంత్రం అయ్యేసరికి వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చునేది. వాడు పోయాక దువ్వెన తెచ్చి మా పిల్లకు ఇచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు ఎమ్మిగనూరులో ఉంది. మా చెల్లెలి మగ్గం గదిలోనే పిల్ల సొంతంగా షాపు పెట్టుకుని నాలుగో ఏడు నడుస్తోంది. ఆ దువ్వెన గోడకు తగిలించి ఉంటుంది, ఏ కుక్క మీదా పెట్టదు.

షావుకారు భార్యలో మారింది ఒక్కటే. సాయంత్రం నేను ఆ దారిన పోతుంటే పిలిచేది. “టీచరమ్మా, టైమెంతైంది?” గడియారం చూసి చెప్పేదాన్ని, “ఐదుకు రెండు నిమిషాలు.” “సరే” అని తల ఊపేది. నేను నాలుగడుగులు వేశానో లేదో, వెనక వస్తున్న పూలామెను అడిగేది. “అమ్మీ, టైమెంతైంది?” పూలామె “ఐదాయెవ్వా” అనేది. అప్పుడు ఆమె దూదప్ప వీపు మీది గుడ్డ తీసేది.

మనిషి గుండు మూడు నెలల్లో జుట్టు నిండి, అద్దంలో మునుపటి ముఖం కనపడుతుంది. దుఃఖానికి పెద్దలు ఆ కొలత ఊరికే పెట్టి ఉండరు. ఆమె పోయి నిరుటికి ఏడాది. పొద్దున దొరికిన పోగును స్కేలు మీద పెట్టి కొలిచాను. యాభై రెండు. మళ్ళీ కొలిచాను. మా పిల్లకు ఫోను చేసి చెప్పాను. “ఇంకెవరితోనన్నా కొలిపించు పెద్దమ్మా” అంది. కొలిపించడానికి ఇంట్లో ఎవరూ లేరు. పోగును మెట్టు మీదే వదిలేశాను. చేతి గడియారంలో ఐదయ్యాక గోడ గడియారం దగ్గరకు పోయి మళ్ళీ చూస్తాను. రెండూ ఒకటే చెబుతాయి. అయినా వీధిలో ఎవరైనా పోతుంటే కేకేసి అడిగితే తప్ప, ఏ సాయంత్రమూ ఐదైందని నాకు నమ్మకం కుదరదు.